వార్షిక నివేదిక 2025–26: కొత్త కంప్యూటరు ఎందుకు కొనలేదంటే

గౌరవ సభ్యులకు నమస్కారం.

పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో మీరంతా చేతులెత్తి ఒక తీర్మానం చేశారు. సంఘం ఆఫీసుకి రూ. 40,000 మించకుండా కొత్త కంప్యూటరు కొనాలని. కార్యవర్గం ఆ తీర్మానాన్ని అమలు చేయలేదు. చేయకపోగా పాతదాన్నే విప్పి, బాగుచేసి, అదే బల్ల మీద పెట్టింది. దీని మీద వీధిలో రకరకాల మాటలు నడుస్తున్నాయని నాకు తెలుసు. అందుకే ఈసారి నివేదికలో మిగతా పనులకంటే దీనికే ఎక్కువ చోటు పోయింది. మన్నించండి.

ముందు ఆ మిగతావి. చలివేంద్రం మే నెలాఖరు దాకా నడిచింది. మజ్జిగ మాత్రం రోజూ పదకొండింటికే అయిపోయేది. మూడో లైను కాలువ పూడిక గురించి నాలుగు అర్జీలు పెడితే పూడిక తీశారు. తీసిన మట్టి గట్టు మీదే వదిలేశారు, రెండు వానలకి సగం మళ్లీ కాలువలోకే దిగింది. పైడితల్లమ్మ జాతరలో తొలేళ్ల నాడు, సిరిమానోత్సవం నాడు (అక్టోబరు 6, 7) మూడు లాంతర్ల కూడలి వైపు వెళ్లే దారిలో మన కుర్రాళ్లు మంచినీళ్ల ప్యాకెట్లు పంచారు. ఖాళీ ప్యాకెట్లు కూడా వాళ్లే ఏరారు. ఈ సంగతి విడిగా రాయమని అధ్యక్షులు మరీమరీ చెప్పారు. సంక్రాంతి ముగ్గుల పోటీ ఎప్పటిలాగే జరిగింది, బహుమతుల దగ్గర గొడవ కూడా ఎప్పటిలాగే జరిగింది.

ఇక కంప్యూటరు.

అది 2012లో కొన్నది. మూడో తరం ఐ3 ప్రాసెసరు, 2 జీబీ ర్యామ్ (పనిచేస్తున్నంతసేపు మిషను వాడుకునే మెమరీ), 500 జీబీ హార్డ్ డిస్కు, విండోస్ 7. ఆ రోజుల్లో మంచి మిషనే. ఈమధ్య మాత్రం స్విచ్ వేసి, టీ తాగి వచ్చినా ఇంకా తెరుచుకునేది కాదు. గడియారంతో చూశాను, నాలుగు నిమిషాలు దాటింది. విండోస్ 7కి సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తోనే ఆగిపోయాయి. క్రోమ్ కూడా 109వ వెర్షన్ దగ్గర ఆగింది, 2023 ఫిబ్రవరి తర్వాత వచ్చినవేవీ దాంట్లోకి ఎక్కవు. దాంతో కొన్ని వెబ్‌సైట్లు సగం తెరుచుకుని ఊరుకునేవి.

ఇంకో వింత. జులైలో ఇచ్చిన చందా రసీదుల మీద 2012 జనవరి 1 అని తేదీ పడింది. రెండో లైనులో ఉండే ఒక పెద్దాయన ఆ రసీదు పట్టుకొచ్చి, "ఇదేటి మాస్టారూ, పదమూడేళ్ల బాకీ ఇప్పుడు కట్టించుకున్నారా?" అని అడిగారు. లోపం మదర్‌బోర్డు మీద ఉండే గుండీ బ్యాటరీది. కరెంటు పోయినప్పుడు తేదీ, సమయం గుర్తుంచుకునేది అదే. అది అయిపోతే మిషను ప్రతిరోజూ పుట్టినరోజు నుంచే మొదలెడుతుంది. తేదీ తప్పుగా ఉంటే బ్రౌజరు కూడా వెబ్‌సైట్ల సర్టిఫికెట్లు చెల్లవని మొరాయిస్తుంది. మేమేమో నెట్ బాగాలేదని నెల రోజులు కేబుల్ కుర్రాడిని తిట్టుకున్నాం. రూ. 40 బ్యాటరీ మారిస్తే రెండు జబ్బులూ పోయాయి.

ఆ నలభై రూపాయల అనుభవంతోనే నాకు అనుమానం మొదలైంది. తక్కినవి కూడా ఇలాంటివే అయితే?

తీర్మానం ప్రకారం ముందు షాపుకే వెళ్లాను. కొత్త డెస్క్‌టాప్‌కి రూ. 38,500 చెప్పారు. పాతదాని సంగతి అడిగితే, "అయిదొందలివ్వండి మాస్టారూ, క్రాక్ చేసిన విండోస్ 10 వేసిచ్చేస్తాను" అన్నాడు అక్కడి కుర్రాడు. సభ్యుల ఆధార్ నంబర్లు, పెన్షన్ కాగితాలు ఉండే మిషను అది. దొంగ కాపీ వేయించడానికి మనసొప్పలేదు. పైగా ఆ విండోస్ 10కే గడువు దగ్గర పడింది. మన సిరిమాను మంగళవారం, అక్టోబరు 7న తిరిగింది. మైక్రోసాఫ్ట్ విండోస్ 10కి మామూలు అప్‌డేట్లు ఆపేసింది ఆ పై మంగళవారమే, అక్టోబరు 14న. విండోస్ 11 అయితే మన మిషనుకి అర్హతే లేదు. దానికి టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరు ఎనిమిదో తరం నుంచి ఉండాలి. మనది మూడో తరం. ఆ తనిఖీని తప్పించే అడ్డదారులు ఉన్నాయట. వాటి జోలికి పోలేదు.

ఈలోగా ఆగస్టులో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటి చెప్పాలి. ర్యామ్ పెంచితే చాలనుకుని ఎవరినీ అడక్కుండా 8 జీబీ ర్యామ్ ఒకటి కొనుక్కొచ్చాను. సీపీయూ డబ్బా విప్పితే లోపల అరచేతి మందాన దుమ్ము, ఒక మూల రెండు బల్లి గుడ్లు. దులిపి, ర్యామ్ పెట్టబోతే దిగదు. నొక్కినా దిగదు. అది డీడీఆర్4, మన బోర్డుది డీడీఆర్3. కింద ఉండే గాటు రెండింటికీ ఒకేచోట ఉండదు. పిన్నులు కూడా దానికి 288, దీనికి 240. వోల్టేజీ కూడా తేడాయే. తప్పుది ఎక్కకుండా ఉండడానికే ఆ గాటు జరిపి పెట్టారట. ఇంకాస్త బలంగా నొక్కి ఉంటే ఈ నివేదికలో బోర్డు ఖర్చు కూడా ఉండేది. షాపువాడు రూ. 150 పట్టుకుని వెనక్కి తీసుకున్నాడు. అది నా జేబులోంచే పోయింది, సంఘం లెక్కలో లేదు.

తర్వాత సరైనవే తెచ్చాం. వాడిన డీడీఆర్3, 4 జీబీవి రెండు, ఒక్కోటి రూ. 650. మన బోర్డుకి స్లాట్లు రెండే, కాబట్టి పాత 2 జీబీ తీసేయాల్సి వచ్చింది. ప్లగ్గు పీకి, పవర్ బటన్ కాసేపు నొక్కి ఉంచి, డబ్బా ఇనుప భాగాన్ని ఓసారి ముట్టుకుని (ఒంట్లో ఉండే స్థిర విద్యుత్తు చిప్‌ని కాల్చేయకుండా), రెండు కొసల క్లిప్పులూ టక్కుమనే దాకా నొక్కాను. స్విచ్ వేస్తే బీప్... బీప్... తెర నల్లగానే ఉంది. కోశాధికారి గారు చిన్నప్పుడు రేడియో బాగుచేసిన మనిషి. ర్యామ్ మళ్లీ తీసి, పసుపురంగు పిన్నుల మీద పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి దులిపి పెట్టారు. పలికింది.

కానీ సంబరం అయిదు నిమిషాలే. కంప్యూటర్ ప్రాపర్టీస్ తెరిచి చూస్తే, ఉన్నది 8 జీబీ, వాడుకోగలిగేది 3.24 జీబీ అని రాసి ఉంది. మిగతాది ఎక్కడికి పోయిందో తెలియలేదు. మోసపోయామేమోనని ఒక ర్యామ్ తీసి, రెండోది పెట్టి, మార్చి మార్చి చూశాం. రెండూ మంచివే.

సిరిమానుకి ఇంటికొచ్చిన మన వీధి కుర్రాడు, విశాఖలో బీటెక్ చదువుతున్నవాడు, చూడగానే నవ్వాడు. "తప్పు ర్యామ్‌ది కాదు మాస్టారూ, మీ విండోస్ 32 బిట్‌ది."

అతను చెప్పింది నాకు అర్థమైనట్టు మన రసీదు పుస్తకంతో చెబుతాను. మన పుస్తకంలో నంబరుకి మూడు గళ్లే ఉన్నాయనుకోండి. 999 దాకా రసీదులివ్వగలం. వెయ్యో మనిషి డబ్బు పట్టుకుని నిలబడినా రాయడానికి నంబరు లేదు. 32 బిట్‌కి మెమరీలో వేయగలిగిన నంబర్లు 4,29,49,67,296. ఒక్కో నంబరుకి ఒక్కో బైటు చొప్పున సరిగ్గా 4 జీబీ. అందులోనూ కొన్ని నంబర్లు గ్రాఫిక్స్‌కి, బోర్డు మీది ఇతర భాగాలకి ముందే కేటాయించి ఉంటాయి, విరాళాల కోసం మనం విడిగా తీసిపెట్టే పుస్తకంలాగా. అవి పోగా మిగిలిందే ఆ 3.24. ఇంకో 8 జీబీ తెచ్చి పెట్టినా అంకె మారదు. ప్రాసెసరు 64 బిట్‌దే, కొన్న రోజున ఎవరో 32 బిట్ విండోస్ వేసి వదిలేశారు. 2 జీబీ ఉన్నంతకాలం ఆ తేడా ఎవరికీ కనపడలేదు.

అంటే ఆపరేటింగ్ సిస్టమ్ (మిషనుని నడిపించే మూల ప్రోగ్రాం, మన దగ్గర విండోస్) మార్చకుండా ర్యామ్ పెంచడం సగం దండగ. కార్యవర్గం అక్కడికక్కడే కూర్చుని విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయాలని తేల్చింది. 64 బిట్‌ది, ఉచితం, లైసెన్సు బాధ లేదు. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే తేలిక రకం 4 జీబీ ర్యామ్ ఉంటే చాలు, హాయిగా నడుస్తుంది. మనకి 8 ఉంది. ఇప్పుడు వేసిన 22వ వరసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఉపాధ్యక్షులు ఒక్కరే ఒప్పుకోలేదు. ఆయన అభ్యంతరం పేకాట గురించి. విండోస్‌లో ఉండే సాలిటేర్ దీంట్లో ఉంటుందా అని. అలాంటి ఆట ఉచితంగానే దొరుకుతుందని చూపించాక సంతకం పెట్టారు.

దీపావళి సెలవుల్లో ఆ కుర్రాడే మళ్లీ వచ్చి పని పూర్తిచేశాడు. పాత హార్డ్ డిస్కు మీద కొత్తది ఎక్కించవద్దని గట్టిగా పట్టుబట్టాడు. లోపల పళ్లెం తిరిగి, ముల్లు వెతికి, ఒక్కో ఫైలు తెచ్చే డిస్కు అది. నాలుగు నిమిషాల ఆలస్యంలో ఎక్కువ పాపం దానిదే. దాని బదులు 256 జీబీ ఎస్‌ఎస్‌డీ (పళ్లెం లేకుండా చిప్‌లలోనే ఫైళ్లు దాచే డిస్కు) రూ. 1,850కి తెచ్చాం. దాన్ని బిగించే ఫ్రేము మన డబ్బాలో లేదు, రెండువైపులా అంటుకునే టేపుతో అతికించాం. కదిలే భాగాలు లేనిది కాబట్టి ఏమీ కాదన్నాడు. ముందు పెన్ డ్రైవ్ నుంచే మింట్ నడిపించి, ప్రింటరు, నెట్, సౌండు పనిచేస్తున్నాయో లేదో చూశాకే ఎక్కించాడు. ఆ ముందుచూపు నాకు బాగా నచ్చింది. ఒక రాత్రంతా మెమ్‌టెస్ట్ పెట్టి వాడిన ర్యామ్‌లో తప్పులేమైనా ఉన్నాయేమో చూద్దామనుకున్నాం. మొదటి రాత్రి రెండింటికి కరెంటు పోయింది. రెండో రాత్రి పూర్తయింది, తప్పుల దగ్గర సున్నా.

ఇప్పుడు స్విచ్ వేసిన అర నిమిషంలో తెర తెరుచుకుంటోంది. ఆ తర్వాత నెలల్లో బజారులో కొత్త ర్యామ్ రేట్లు ఎగబాకాయి. మనం ముందే కొనడం మన గొప్పేమీ కాదు, అలా కలిసొచ్చింది.

ఖర్చు చెబుతాను. ర్యామ్‌లు రెండూ కలిపి రూ. 1,300, ఎస్‌ఎస్‌డీ రూ. 1,850, బ్యాటరీ రూ. 40, ఎస్‌ఎస్‌డీని బోర్డుకి తగిలించే సాటా కేబుల్, ప్రాసెసరు మీద పూసే పేస్టు కలిపి రూ. 250, బ్యాకప్‌కి 64 జీబీ పెన్ డ్రైవ్‌లు రెండు రూ. 900, పిల్లల టిఫిన్లు, టీలు రూ. 360. మొత్తం రూ. 4,700. మీరు మంజూరు చేసినదాంట్లో రూ. 35,300 బ్యాంకులోనే ఉంది. బిల్లులు కోశాధికారి దగ్గర ఫైల్లో ఉన్నాయి, ఎవరైనా చూడవచ్చు. టిఫిన్లకి బిల్లు లేదు.

అన్నీ సవ్యంగా జరిగాయని చెప్పను. వేలిముద్ర మిషనుకి దాని తయారీదారు ఇచ్చిన ప్రోగ్రాం విండోస్‌కే, మింట్‌లో పలకలేదు. పెన్షనర్ల లైఫ్ సర్టిఫికెట్ల సమయానికి పెద్ద టెన్షనే అయింది. చివరికి సంఘం ఫోనులో జీవన్ ప్రమాణ్ ముఖ గుర్తింపు యాప్, దాంతోపాటు ఉండాల్సిన ఆధార్ ఫేస్ ఆర్‌డీ యాప్ వేసుకుని కానిచ్చాం. నిజానికి వేళ్లు అరిగి ముద్రలు పడని పెద్దవాళ్లకి ఇదే నయమైంది. కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి కళ్లు ఆర్పమంటే సరి. లేజర్ ప్రింటరుకి కూడా ఒక ప్లగిన్ విడిగా దించుకోవాల్సి వచ్చింది, అందుకో సాయంత్రం పోయింది.

అన్నిటికంటే పెద్ద తలనొప్పి మన తెలుగు ఫైళ్లు. సభ్యుల జాబితా, పాత మినిట్స్, ఆహ్వానాలు అన్నీ పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినవి. ఆ ఫాంట్లు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కల బొమ్మలు కూర్చినవి. ఆ ఫాంటు లేని మిషనులో తెరిస్తే పిచ్చి గుర్తులే. యూనికోడ్ అనే పద్ధతిలో తెలుగుకి సొంత స్థానాలున్నాయి, ఏ మిషనులోనైనా, ఏ ఫోనులోనైనా అదే అక్షరం కనపడుతుంది. అందుకని అన్నిటినీ యూనికోడ్‌లోకి మార్పించాం. మార్చే ప్రోగ్రాం చాలావరకు సరిగానే చేసింది కానీ ఒత్తుల దగ్గర తడబడింది. గంట్యాడ కాస్తా గంటాడ్య అయింది, నెల్లిమర్ల నెలిమర్ల అయింది. నేనూ, లైబ్రరీ చూసే అమ్మాయీ కలిసి పదకొండు సాయంత్రాలు కూర్చుని దిద్దాం. అయినా కొన్ని మిగిలిపోయి ఉంటాయి. పాత హార్డ్ డిస్కుని విండోస్ 7తో సహా కవరులో చుట్టి బీరువాలో పెట్టాం. ఏదైనా పాత ఫైలు అసలు రూపంలో చూడాల్సొస్తే నెట్ తీగ పీకేసి మాత్రమే దాన్ని తగిలించాలి. బ్యాకప్ పెన్ డ్రైవ్‌లలో ఒకటి ఆఫీసులో, ఒకటి కోశాధికారి ఇంట్లో ఉన్నాయి. ప్రతి నెలా మొదటి ఆదివారం కాపీ చేయాలి. ఫిబ్రవరిలో మరిచిపోయాం.

మిగిలిన రూ. 35,300 ఏం చేయాలన్నది ఈ సమావేశంలో మీరే నిర్ణయించాలి. అర్ధగంట బ్యాకప్ ఇచ్చే యూపీఎస్ ఒకటి కావాలని కార్యవర్గం ప్రతిపాదన. మూడో లైను వాళ్లు అదే డబ్బుతో కాలువ గట్టు మట్టి ఎత్తించమంటున్నారు. రెండూ ఎజెండాలో ఉన్నాయి.

దిద్దిన సభ్యుల జాబితా నోటీసు బోర్డు మీద అంటించాం. మీ పేరు, ఇంటిపేరు, ఊరు, ఒత్తులతో సహా సరిగ్గా ఉన్నాయో లేదో చూసి, తప్పుంటే పక్కనే ఎర్ర సిరాతో దిద్ది సంతకం పెట్టండి. పెన్ను దారంతో కట్టి ఉంది.

ఇట్లు,
కార్యదర్శి
విజయనగరం