హోర్టన్ శ్మశానంలో తొమ్మిది వేల మంది

సంపాదకుల వారికి నమస్కారాలు.

ఇంగ్లండులో పాడుబడ్డ పిచ్చాసుపత్రుల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. ఊడిపోయిన కిటికీలు, అర్ధరాత్రి కేకలు, మెట్ల మీద తెల్లటి ఆకారం. రెండు పేజీలూ వెతికినా అక్కడ బతికిన మనిషి ఒక్కరూ కనిపించలేదు. నేను తెనాలిలో పుట్టి, నర్సింగు చదివి, 1980లలో ఈ దేశం వచ్చాను. అలాంటి ఆసుపత్రిలోనే, అది మూతపడేదాకా పనిచేశాను. మా రోగులను దయ్యాలుగా చూపిస్తే ఊరుకోలేక రాస్తున్నాను.

నేనుండే ఎప్సమ్ గుర్రప్పందేలకు పేరున్న ఊరు. ఊరి అంచున హోర్టన్ అనే చోట ఓ ఐదెకరాల స్థలం చెట్లూ ముళ్లపొదలూ అల్లుకుపోయి ఉంది. అందులో దాదాపు 9,000 మందిని పాతిపెట్టారు. లండన్ కౌంటీ కౌన్సిల్ 1896లో హోర్టన్ ఎస్టేటు కొని, విక్టోరియా రాణి చివరి రోజుల్లో మొదలుపెట్టి ఒకదాని తర్వాత ఒకటి ఐదు ఆసుపత్రులు కట్టింది. మేనర్, హోర్టన్, సెయింట్ ఎబ్బాస్, లాంగ్ గ్రోవ్, వెస్ట్ పార్క్. వాటిలో కన్నుమూసి, తీసుకుపోయే దిక్కులేని వాళ్లను 1899 నుంచి 1955 వరకు ఇక్కడికే తెచ్చారు. 1983లో ఆరోగ్యశాఖ ఈ శ్మశానాన్ని ఒక స్థిరాస్తి వ్యాపారికి అమ్మేసింది. అంతమంది మనుషులు లోపల ఉండగానే అమ్మేసింది. పైన ఒక్క పేరు కూడా చదవడానికి లేదు. మీ విలేకరికి భయం గొలిపే కథే కావాలంటే ఇంతకన్నా ఏం కావాలి?

ఈ భవనాలను హింసించడానికే కట్టారని మీ వ్యాసం అంది. అది నిజం కాదు. అంతకుముందు మతి చెడిన పేదవాళ్లను అనాథ పేదల కోసం నడిపే వర్క్‌హౌసుల్లోనో, డబ్బు కోసం నడిపే ప్రైవేటు ఇళ్లలోనో పడేసేవారు, గొలుసులు కట్టేవారు. 1808 చట్టం కౌంటీలు కావాలంటే ఆసుపత్రి కట్టుకోవచ్చంది. కట్టినవి కొన్నే. సంఘ సంస్కర్త షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుబట్టాక 1845లో ప్రతి కౌంటీకీ అది తప్పనిసరి అయింది. అంతకు ఆరేళ్ల ముందే హాన్‌వెల్ ఆసుపత్రిలో జాన్ కొనొలీ అనే డాక్టరు వందల మంది రోగులకు సంకెళ్లూ పట్టీలూ విప్పించేశాడు. గాలి, వెలుతురు, వేళకు తిండి, చేతికి పని, ఇవే మందు అని ఇలాంటి డాక్టర్లు నమ్మారు. నేను పనిచేసిన వార్డుల్లో రోగులుండే గదులన్నీ దక్షిణానికి తిరిగి ఉండేవి. ఈ చలిదేశంలో ఉన్న కాస్త ఎండా వాళ్ల మీద పడాలని అలా కట్టారు. హింసించదలచుకున్నవాడు ఎండ గురించి ఆలోచించడు.

చెడింది ఆ తర్వాత. ఒక్కో పేద రోగిని ఆసుపత్రికి పంపితే వారానికి 4 షిల్లింగులు ఇస్తామని 1874లో ప్రభుత్వం ప్రకటించింది. దాంతో వర్క్‌హౌసులు తమ దగ్గరున్న ముసలివాళ్లనూ, మూర్ఛరోగులనూ ఇటు తోలడం మొదలుపెట్టాయి. లండన్‌కు ఉత్తరాన 1851లో తెరిచిన కోల్నీ హాచ్ ఆసుపత్రి 1,250 మంది కోసం కట్టినది. తర్వాత రెండు వేలు దాటారు. చోటు చాలక చెక్కలతో తాత్కాలికంగా కట్టిన షెడ్డు 1903 జనవరి 27న తగలబడి 51 మంది ఆడవాళ్లు చనిపోయారు.

ఇక చుట్టుపక్కల ఊళ్ల సంగతి. నా మనసు ఎక్కువగా ఉన్నది ఇక్కడే. పిచ్చాసుపత్రి అంటే ఊరికి దూరంగా గోడ కట్టి వదిలేసిన చోటనుకుంటారు. ప్రెస్టన్ దగ్గర 1873లో తెరిచిన విట్టింగ్‌హామ్ ఆసుపత్రి చూడండి. అక్కడే మట్టి తవ్వి, అక్కడే ఇటుకలు కాల్చి కట్టారు. తవ్విన గొయ్యి చెరువైంది. చర్చి, పొలాలు, పోస్టాఫీసు, గ్యాసు ఫ్యాక్టరీ, సొంత బ్యాండు మేళం. బొగ్గూ సరుకులూ తెచ్చుకోవడానికి 1889 నుంచి సొంత రైలు కూడా నడిపారు. దాంట్లో ఎక్కినవాళ్లకు టికెట్టు లేదు. సిబ్బందీ, రోగులను చూడవచ్చేవాళ్లూ అందులోనే వెళ్లేవారు. 1957 దాకా నడిచింది. వూస్టర్ దగ్గర పోవిక్ ఆసుపత్రిలో సిబ్బంది బ్యాండుకు 1879 నుంచి ఐదేళ్లు సంగీతం నేర్పింది ఎవరో తెలుసా? తర్వాత ఈ దేశంలోనే గొప్ప స్వరకర్త అయిన ఎడ్వర్డ్ ఎల్గర్. రోగులు శుక్రవారం నాట్యం చేసుకోవడానికి పాటలు కట్టాడు.

తండ్రి అటెండరు, తల్లి వంటగదిలో, కూతురు నర్సు. ఇలా రెండు మూడు తరాలు ఒకే ఆసుపత్రి మీద బతికిన ఊళ్లు బోలెడు. బేకరీవాడు, బొగ్గువాడు, సారాకొట్టువాడు, అందరూ దాన్నే నమ్ముకున్నారు. ఇంకోవైపు రోగులేమో ఏళ్ల తరబడి పొలం దున్నారు, బట్టలు ఉతికారు, కుట్టారు. కూలి ఇవ్వలేదు. పొగాకో, కాస్త టీయో ఇచ్చేవారు. కౌంటీ ఖజానాకు డబ్బు మిగిల్చింది వాళ్ల చేతులే. ఈ అన్యాయం గురించి రాయండి, సంతోషిస్తాను.

మా వార్డులో ఒక పెద్దావిడ ఉండేది. పదిహేడో ఏట వచ్చి, నలభై ఏళ్లకు పైగా దుప్పట్లు ఉతికింది. ప్రతి గురువారం ఊళ్లో కొట్టుకు నడిచి వెళ్లి ఒక పొట్లం పిప్పరమెంట్లు కొనుక్కునేది. కొట్టాయన ఆవిడ కోసం పొట్లం ముందే కట్టి ఉంచేవాడు. ఆసుపత్రి మూసేశాక ఆవిడను ఎక్కడో ఇరవై మైళ్ల అవతల ఒక ఇంటికి పంపారు. "ఆవిడ ఎలా ఉంది?" అని ఆ కొట్టాయన నన్ను ఏడాది పాటు అడుగుతూనే ఉన్నాడు. రోగులను పెద్ద ఆసుపత్రుల్లో కాక జనం మధ్యే ఉంచి చూసుకోవాలనే సామాజిక సంరక్షణ పేరుతో ఆవిడకున్న ఒక్క సమాజాన్నీ తీసేశారు. ఆసుపత్రులు మూయడం తప్పని నేననను. అందులో మగ్గినవాళ్లు ఎందరో. కానీ మూసిన తీరు తప్పు. పడకలు సగానికి తగ్గించాలని 1961లో ఆరోగ్యమంత్రి ఈనోక్ పావెల్ చెప్పాడు. పడకలతోపాటు పోయే పరిచయాల లెక్క ఎవరూ వేయలేదు.

కోల్నీ హాచ్ ఇప్పుడు ఖరీదైన ఫ్లాట్లు. ఒకప్పుడు ఆ పేరే తిట్టు. ఆ మాట అంటే పిచ్చివాడనే అర్థం. రైల్వే స్టేషనుకు కూడా ఆ పేరు తీసి న్యూ సౌత్‌గేట్ అని పెట్టారు. మన దగ్గర "వాణ్ణి ఎర్రగడ్డలో పడేయండి", "వైజాగ్ పంపండి" అంటాం చూశారా, అచ్చం అదే. మీ వ్యాసం శీర్షికలోనూ ఎర్రగడ్డ మాట వాడారు. ఆ పేటలో కాపురముంటున్న వాళ్లకూ, అక్కడ వైద్యం పొందుతున్నవాళ్లకూ, వాళ్ల పిల్లలకూ అది ఎలా తగులుతుందో ఆలోచించారా?

యార్క్‌షైర్‌లో మెన్‌స్టన్ అనే ఊరుంది. అక్కడి హై రాయిడ్స్ ఆసుపత్రి 1888 నుంచి 2003 దాకా నడిచింది. పేర్లు లేని గోతుల్లో 2,800 మందికి పైగా ఉన్నారు. ఆ ఊరివాళ్లే కొందరు పూనుకుని ఆ చోటును స్మారక వనం చేశారు. మా హోర్టన్‌లోనూ స్వచ్ఛంద కార్యకర్తలు పాత రిజిస్టర్లు తిరగేసి ఒక్కొక్కరి జీవితం రాస్తున్నారు. దర్జీలు, పనిమనుషులు, మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికులు. శ్మశానం మాత్రం ఇంకా ప్రజల చేతికి రాలేదు.

విశాఖలోని మానసిక వైద్యశాల కూడా విక్టోరియా కాలంలో, తెల్లదొరలు 1858లో చేసిన చట్టం నీడలో పుట్టిందే. ఒక విలేకరిని అక్కడికి పంపండి. దయ్యాల కోసం కాదు. తాతల నాటి అటెండర్ల కుటుంబాలను కలిసి, పాత రిజిస్టర్లు ఏ బీరువాలో ఉన్నాయో, ఎవరూ తీసుకుపోని వాళ్లకు చివరి మట్టి ఎక్కడ దక్కిందో అడిగి రాయించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
ఎప్సమ్, ఇంగ్లండు