ఎర్ర రాయి అసలు పేరు బిల్లులో ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి పెళ్లికి నా పాత కెంపుల దుద్దులు చెరిపించి నెక్లెసు చేయిద్దామని మొన్న ఆచారి గారికి ఇచ్చాను. ఆయన ఒక రాయిని పట్టకారుతో పట్టుకుని, దీపం ముందు అటూ ఇటూ తిప్పి, "అమ్మా, ఇవి కెంపుల్లా లేవు, ల్యాబ్‌లో చూపించండి" అన్నారు. చూపిస్తే పైరోప్ అని తేలింది, అంటే గార్నెట్ అనే రాయిలో ఒక రకం. పదకొండేళ్ల కిందట విజయనగరంలోనే ఒక దుకాణంలో కెంపుల ధర పోసి కొన్నవి అవి. పాత బిల్లు వెతికి తీశాను. బంగారం తూకం, తరుగు, మజూరీ అన్నీ పైసలతో సహా ఉన్నాయి. రాళ్ల దగ్గర మాత్రం "ఎర్ర రాళ్లు 8" అని రాసి వదిలేశారు.

గార్నెట్‌ను నేను చిన్నచూపు చూడటం లేదు. దానిమ్మ గింజలా ఉంటుందనే లాటిన్‌లో దానికి ఆ పేరు వచ్చింది. పైరోప్ అంటే గ్రీకులో నిప్పు కళ్లది అని. మన తూర్పు కనుమల ఖోండలైటు రాతిలో గార్నెట్ ఉంటుంది. శ్రీకాకుళం తీరపు ఇసుకలో కనిపించే ఎర్ర చారలు కూడా అదే. అంతెందుకు, నవరత్నాల్లో గోమేధికం గార్నెట్ జాతిదే. దాన్ని గోమేధికమనే అమ్ముతారు, మనం ఇష్టంగానే కొంటాం.

కెంపు సంగతి వేరు. అది కొరండం అనే ఖనిజం, అల్యూమినియం ఆక్సైడ్. రాళ్ల గట్టిదనాన్ని 1 నుంచి 10 దాకా చూపే మోస్ కొలమానంలో దానిది 9. గార్నెట్ సిలికేట్ ఖనిజం, దాని గట్టిదనం 6.5 నుంచి 7.5 దాకా ఉంటుంది. ధరలోనూ పొంతన లేదు. పైరోప్‌కు కెంపు పేరు తగిలించడం కొత్తదేమీ కాదు. ఇప్పటి చెక్ దేశంలోని బొహీమియాలో దొరికిన దాన్ని బొహీమియా కెంపనీ, దక్షిణాఫ్రికాది కేప్ కెంపనీ వ్యాపారులు ఎప్పటినుంచో అమ్ముతున్నారు. సూర్యుడికని కెంపు ఉంగరం చేయించుకునే వాళ్లెందరు ఇలా మోసపోతున్నారో!

ఇప్పుడు బంగారానికి హాల్‌మార్కు ఉంది, హాల్‌మార్కు వేసిన నగ నగకూ అక్షరాలు, అంకెలు కలిసి ఆరు స్థానాల గుర్తింపు ఉంది. అది బంగారానికే, అందులో పొదిగిన రాయికి కాదు. ఫిర్యాదు చేద్దామంటే, బిల్లులో కెంపు అన్న మాటే లేదు, ఏం పట్టుకుని అడుగుతారన్నారు తెలిసిన వకీలు గారు.

కాబట్టి ప్రతి నగ బిల్లులో రాయి పేరు, క్యారెట్లు, సహజమైనదా తయారు చేసినదా అన్నది తప్పనిసరిగా రాయించాలి. మన జిల్లా అధికారులు ఈ పెళ్లిళ్ల సీజన్ లోపే దుకాణాల్లో బిల్లు పుస్తకాలు తనిఖీ చేయాలని కోరుతున్నాను.

ఒక పాఠకురాలు, విజయనగరం