టూర్ల పేజీలో బస్సు నంబరు కూడా వేయండి

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం పేజీల్లో వచ్చే టూర్ల వ్యాసాలంటే మా ఇంట్లో అందరికీ ఇష్టం. ఫొటోలు బాగుంటాయి, చరిత్ర బాగుంటుంది, కానీ చివర్లో 'ఎలా వెళ్లాలి' అన్న చోటికి వచ్చేసరికి ఇన్ని కిలోమీటర్లు, కారులో అయితే ఇన్ని గంటలు అని రెండు ముక్కలతో సరిపెడతారు. మాకు కారు లేదు. మాలాంటి వాళ్లే ఎక్కువ కదండీ, వాళ్ల కోసం నాలుగు లైన్లు రాయలేరా?

ఈమధ్య ఒక శనివారం నేను, మా ఆవిడ, ఇద్దరు ఆడపిల్లలు, అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ పొద్దున్నే కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాం. ఆటో ఎక్కకుండా రెండు రోజులు సిటీ చూసి రావాలని ముందే అనుకున్నాం. రైల్వే స్టేషన్ పక్కనే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఉంది. ఒక్క స్టాప్ వెళ్లి పరేడ్ గ్రౌండ్‌లో దిగి గ్రీన్ లైన్‌కి మారితే అక్కడి నుంచి ఎనిమిదో స్టాప్ ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్). ఎస్కలేటర్ మీద కాలు పెట్టడానికి అమ్మ భయపడితే లిఫ్ట్‌లో తీసుకెళ్లాం, అంతకుమించి ఏ టెన్షనూ లేదు. ఎంజీబీఎస్ నుంచి సాలార్‌జంగ్ మ్యూజియానికి మెల్లగా నడిచే వెళ్లిపోయాం.

పోయినసారి ఇదే మ్యూజియానికి శుక్రవారం వచ్చి గేటు దగ్గర్నుంచే వెనక్కి తిరిగాం, శుక్రవారం సెలవని మాకు తెలియదు. ఎక్కడైనా ఆ ఒక్క ముక్క చదివి ఉంటే మాకు ఒక రోజు, ఐదుగురి రైలు చార్జీలు మిగిలేవి. ఈసారి మాత్రం పన్నెండు కొట్టేలోపే గడియారం దగ్గరికి చేరుకున్నాం. అప్పటికే బెంచీలు నిండిపోయాయి, పిల్లలు నేల మీద కూర్చున్నారు. లోపల్నుంచి గడ్డం బొమ్మ బయటికొచ్చి టంగ్ టంగ్‌మని కొడుతుంటే హాలంతా గట్టిగా లెక్కపెట్టింది. వెళ్లేవాళ్లు పన్నెండుకే వెళ్లండి, ఒంటిగంటకి వెళ్తే వినపడేది ఒక్క దెబ్బే. అమ్మ మాత్రం వెయిల్డ్ రెబెక్కా బొమ్మ దగ్గర్నుంచి కదల్లేదు. ముసుగూ రాయే, దాని వెనక కనిపించే ముఖమూ రాయే. ముక్కు దగ్గర తడిబట్ట అంటుకున్నట్టు ఎలా ఉందో చూడరా, ఇదంతా ఎట్లా చెక్కారురా అని అడుగుతూనే ఉంది. తర్వాత మదీనా దగ్గర టీ తాగి చార్మినార్ దాకా నడిచాం, లాడ్ బజార్‌లో పిల్లలకు గాజులు కొన్నాం, రాత్రికి మళ్లీ మెట్రోలోనే తార్నాకలో మా చెల్లెలింటికి చేరుకున్నాం.

ఆదివారం గోల్కొండ. సికింద్రాబాద్ నుంచి 49ఎం ఎక్కి మెహదీపట్నంలో దిగి, అక్కడ ఇంకో బస్సు పట్టుకున్నాం. అమ్మ ఆధార్ కార్డు చేతిలోనే పట్టుకుని కూర్చుంది, కండక్టరమ్మ చూసి ఆడవాళ్లకిచ్చే ఉచిత జీరో టికెట్ కొట్టిచ్చింది. కోటలో అమ్మ పైకి ఎక్కలేనని కిందే ఉండిపోయింది. ద్వారం కింద చప్పట్లు కొడితే పైన బాలాహిసార్‌లో వినిపిస్తుందంటారు కదా, పిల్లలు పైకెళ్లి ఫోన్ చేసి మరీ నానమ్మతో కొట్టించారు. అక్కడ అందరూ చప్పట్లే కొడుతుంటే నానమ్మవి ఏవో వాళ్లకెట్లా తెలిసిందో గానీ, వినపడ్డాయి అని ఒకటే అరుపులు.

ఈ సంగతంతా ఎందుకు రాస్తున్నానంటే, తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి, ఆంధ్రాలో 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం అయ్యాక మా అమ్మలాంటి వాళ్లు, జీవితంలో ఎప్పుడూ తమ కోసమని ఒక ఊరు వెళ్లి చూడని వాళ్లు, ఇప్పుడు మేమూ వస్తామంటున్నారు. వాళ్లకు పనికొచ్చేలా రాయండి సార్. ఏ బస్సు, ఎక్కడ ఎక్కాలి, దిగాక ఎంతసేపు నడవాలి, మెట్లెన్ని, కూర్చోవడానికి నీడ ఉందా, సెలవు ఏ రోజు, వెనక్కి రావడానికి ఆఖరి బస్సు ఎన్నింటికి. ఆఖరి బస్సు సంగతి తప్పకుండా వేయాలి, ఎందుకంటే పిల్లాజెల్లాతో వెళ్లినవాళ్లకు సాయంత్రం అయ్యేసరికి అసలు భయం అదే.

రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక అందరూ దాని గురించి రాస్తున్నారు. హన్మకొండ బస్టాండ్‌లో ములుగు మీదుగా వెళ్లే బస్సెక్కి జంగాలపల్లి క్రాస్ రోడ్ దగ్గర దిగి పాలంపేటకు ఆటోలో వెళ్లొచ్చని మాత్రం ఎంతమందికి తెలుసు? మీరు వేస్తానంటే మా వైపు వివరాలు నేనే రాసి పంపుతాను, బస్టాండ్‌కి వెళ్లి తిరుగు బస్సుల టైములు కూడా కనుక్కుని రాస్తాను.

– ఒక పాఠకుడు, కాజీపేట