ఉప్పుగాలి ఊళ్లో వేడినీళ్ల ఖర్చు

సంపాదకులకు,

కరెంటు బిల్లు ఎక్కువొస్తే అందరి చూపూ ఏసీ మీదకే పోతుంది. బాత్రూంలోని గీజర్‌ని ఎవరూ అనుమానించరు. 25 లీటర్ల నీళ్లు 35 డిగ్రీల మేర వేడెక్కాలంటే దాదాపు ఒక యూనిట్ కాలుతుంది. హీట్ పంపు అదే పని సుమారు మూడో వంతు కరెంటుతో చేసిపెడుతుంది. అది కొత్తగా వేడి పుట్టించదు, బయటి గాలిలోని వేడిని లాగి నీళ్లలోకి చేరుస్తుంది. గాలి వెచ్చగా ఉండే సముద్రతీరం దానికి బాగా కలిసొచ్చే చోటు.

చిక్కల్లా ఉప్పుగాలితోనే. అమ్మేవాళ్లు స్టార్ రేటింగ్ చూపిస్తారు గానీ ఈ సంగతి ఎత్తరు. గాలిలోని వేడిని లాగే గొట్టాల చుట్ట (కాయిల్) మీది పల్చటి అల్యూమినియం రేకులు ఆ ఉప్పుకు తెల్లగా పొడిబారి, వేలు తగిలితే రాలిపోతాయి. అందుకే తుప్పును తట్టుకునే పూత ఉన్న కాయిల్ అడిగి తీసుకోవాలి. సముద్రపు గాలి నేరుగా కొట్టని గోడకు బిగించి, అప్పుడప్పుడు మంచినీళ్లతో కడగాలి. ఇనుప ట్యాంకులో ఉండే మెగ్నీషియం కడ్డీ తుప్పును తాను భరించి ట్యాంకును కాపాడుతుంది. అది అరిగిపోయాక మార్చకపోతే ఎంత ఖరీదైన ట్యాంకైనా చిల్లు పడుతుంది. వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉంటుందేమో, చాలామందికి ఆ కడ్డీ ఉందనే తెలీదు!

సోలార్ హీటరూ మంచిదే, ఎండ తగిలే డాబా మీ చేతిలో ఉంటే. అపార్ట్‌మెంట్లలో ఆ వీలు తక్కువ. కొత్త భవనాలకు అనుమతిచ్చేటప్పుడే ఈ యంత్రాలకు, పైపులకు చోటు చూపించాలని పురపాలక అధికారులు షరతు పెట్టాలి. ఇల్లు కట్టేశాక గోడలు పగలగొట్టమంటే ఎవరూ ముందుకు రారు.

– ఒక పాఠకుడు