షెల్టరు మేడ మీద ఛార్జింగు పెట్టె

ఒరేయ్ సత్తిబాబూ,

కులాసానా? చెల్లెమ్మ, పిల్లలు బాగున్నారా? నీ సోలారు పనితో నాకో అవసరం పడింది. మన తుఫాను షెల్టరు మేడ మీద ఫోన్లు ఛార్జింగు పెట్టుకునే సోలారు పెట్టె ఒకటి పెట్టాలని నా ఆలోచన. అందుకే ఈ పొడుగు ఉత్తరం.

2025 అక్టోబరు 28 రాత్రి మోంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా. గాలి ముదరకముందే కరెంటు తీసేశారు. అది మంచిదే, తెగిన తీగలు తొక్కి ఎవరి ప్రాణాలూ పోకూడదు. తెల్లారి చూస్తే లైన్ల మీద కొబ్బరిచెట్లు. కరెంటు ఇప్పట్లో రాదని అందరికీ అర్థమైపోయింది. మధ్యాహ్నానికి ఫోన్లన్నీ చచ్చాయి.

ఊళ్ళో జనరేటరున్నది మిల్లులోనే. ఒక్క ఎక్స్‌టెన్షన్ బాక్సుకి గుత్తులు గుత్తులుగా ఫోన్లు వేలాడదీశారు. కలిసిపోకుండా ఒక్కోదానికీ పేరు రాసిన చీటీ పెట్టి రబ్బరు బ్యాండు చుట్టారు. ఓ ఫోను మోగింది, కువైట్ నుంచి కొడుకు. "సూరమ్మగారూ, మీదేనండీ!" అని కేకేస్తే ఆవిడ చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తుకొచ్చింది.

అక్కడే నాకు తట్టిందిరా. ఫోను పట్టుకొచ్చినవాళ్ళు పక్కింటి కబురూ తెస్తున్నారు. ఎవరి పాక కూలింది, ఏ ముసలాయన ఒంటరిగా ఉన్నాడు, ఎవరికి ఇన్సులిన్ అయిపోయింది, అన్నీ ఆ బల్ల దగ్గరే తెలిశాయి. రాసుకునేవాడే లేడు. ఆ బల్లేదో తుఫాను షెల్టరులో ఉండి, సచివాలయం మనిషి ఒకరు పుస్తకం పట్టుకుని కూర్చుంటే సహాయం తిన్నగా ఆ గుమ్మానికే వెళ్తుంది.

న్యూయార్కులో పాత కాయిన్ ఫోన్ల చోట 2016 నుంచి లింక్ఎన్‌వైసీ స్తంభాలు పెట్టారు. ఛార్జింగు, వైఫై ఉచితం, అక్కడి అత్యవసర నంబరు 911కి ఓ ఎర్ర బటన్. మనకంత హంగు వద్దు, కరెంటు లేనప్పుడు పనిచేస్తే చాలు. నా లెక్క చూడు: 12 వోల్టుల 150 ఏహెచ్ బ్యాటరీలో 1,800 వాట్ అవర్లు, సగమే వాడితే 900. 5,000 ఎంఏహెచ్ ఫోను నిండడానికి పాతిక వాట్ అవర్లు చాలు. అంటే 36 ఫోన్లు, సగం సగం ఎక్కిస్తే 72. ఇంటికొకటి అనుకున్నా ఓ పేట గట్టెక్కుతుంది. ముసురులో ప్యానెలు పెద్దగా ఇవ్వదు, కాబట్టి హెచ్చరిక రాగానే బ్యాటరీ నిండుగా ఉండాలి.

ఫోను నిండినా సిగ్నల్ ఉండాలిగా. సెల్ టవరు బ్యాటరీ కొన్ని గంటలే, ఆ తర్వాత డీజిలు అందాలి. మన కంపెనీ సిగ్నల్ పోయినా ఇంకో కంపెనీది ఉంటే అత్యవసర నంబరు 112 కలుస్తుంది. ఏదీ లేకపోతే? పోలీసుల వైర్‌లెస్ సెట్ ఒకటి అక్కడే పెట్టమని అడుగుదాం.

లంకల సంగతి వేరు. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర గోదావరి వరద 17.75 అడుగుల మూడో హెచ్చరికా దాటి 25 లక్షల క్యూసెక్కుల పైన వదిలినప్పుడు లంకలు రోజుల తరబడి నీళ్ళలోనే ఉన్నాయి. పెట్టె కింద పెడితే మొదట మునిగేది అదే. మేడ మీదే పెట్టాలి. ప్యానెలు కూడా గాలికి ముందు విప్పి లోపల పెట్టుకునేలా బిగించాలి, ఎగిరిపోతే ఎవరి తలకో తగులుతుంది.

ఆ బిగింపు ఎలాగో, మొత్తం ఎంతవుతుందో నువ్వు రాసి పంపు. పంచాయతీలో నేను మాట్లాడతాను. అంతర్వేది తీర్థానికి ఎలాగూ వస్తావు కదా, ఓ రోజు ముందే రా. టేపు తెచ్చుకో, షెల్టరు మేడ కొలుద్దాం.

నీ
రాంబాబు