దరఖాస్తు పేజీలో టైమర్ ఎవరి గడియారం చూస్తోంది?

సంపాదకులకు,

దరఖాస్తుల గడువు ముగిసే రోజున గుంటూరు బ్రాడీపేటలోని నెట్ సెంటర్లు పొద్దుపోయేదాకా విద్యార్థులతో కిటకిటలాడుతుంటాయి. ఈమధ్య ఒక ప్రవేశ పరీక్ష దరఖాస్తు పేజీలో, గడువుకు ఇంకా ఎన్ని గంటలు, నిమిషాలు, సెకన్లు ఉన్నాయో చూపే టైమర్ పెట్టారు. పక్కపక్కనే ఉన్న రెండు కంప్యూటర్లలో ఆ టైమర్లు ఏడు నిమిషాల తేడాతో నడవడం స్వయంగా చూశాను. రెండింటిలో ఒకదాని గడియారం వెనకబడి ఉంది, అంతే.

డిగ్రీ విద్యార్థులకు వెబ్ ప్రోగ్రామింగ్ బోధించేవాడిగా ఇందులోని లోపం చెప్పగలను. గడువు సమయంలోంచి ప్రస్తుత సమయాన్ని తీసివేయడమే టైమర్ పని. ఆ ప్రస్తుత సమయాన్ని బ్రౌజర్ మన కంప్యూటర్ గడియారం నుంచే తీసుకుంటుంది. దరఖాస్తును స్వీకరించే సర్వర్ మాత్రం తన గడియారాన్నే నమ్ముతుంది కనుక, తెర మీద ఇంకా సమయం కనిపిస్తుండగానే గడువు ముగిసిపోవచ్చు. పేజీ తెరుచుకునేటప్పుడే సర్వర్ సమయాన్ని కూడా పంపి, రెండు గడియారాల తేడాను లెక్కలో సర్దితే ఈ చిక్కు తీరుతుంది.

సెకనుకు ఒకటి చొప్పున అంకె తగ్గించుకుంటూ పోయే టైమర్లది మరో బాధ. విద్యార్థి మార్కుల మెమో వెతకడానికి వేరే ట్యాబ్‌లోకి వెళ్లి అయిదు నిమిషాలు దాటితే, వెనకనున్న పేజీలోని టైమర్ పనిని క్రోమ్ బ్రౌజర్ నిమిషానికి ఒక్కసారికి కుదించవచ్చు. అప్పుడు అరవై సెకన్లు గడిచినా టైమర్‌లో ఒక్క సెకనే తగ్గుతుంది. అందుకే ప్రతిసారీ గడువు నుంచి కొత్తగా లెక్కగట్టాలి. ఇక గడువును గంటలు లేకుండా 2025-06-15 అని తేదీ మాత్రమే రాస్తే, టైమర్‌ను రాసే ప్రోగ్రామింగ్ భాష జావాస్క్రిప్ట్ దాన్ని గ్రీనిచ్ కాలమానం ప్రకారం అర్ధరాత్రిగా, అంటే మనకు ఆ రోజు ఉదయం 5.30గా భావిస్తుంది. రాత్రి 11.59 దాకా ఉన్న గడువు తెల్లవారేసరికే ముగిసినట్టు కనిపిస్తే పిల్లల గుండె జారిపోదా?

కొనుగోలు సైట్లలో లేని తొందర పుట్టించడాన్ని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 మార్గదర్శకాల్లో నిషేధించింది. ఇక్కడ మోసమేమీ లేదు, ఉన్నది అజాగ్రత్తే. అయినా నష్టపోయేది విద్యార్థే. కనుక దరఖాస్తులు పిలిచే సంస్థలు, గడియారం తప్పుగా ఉన్న కంప్యూటర్‌లో పరీక్షించిన తరువాతే టైమర్‌ను పేజీలో పెట్టాలని, దాని కిందనే గడువు తేదీని, గంటను భారత కాలమానంలో స్పష్టంగా ముద్రించాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక కంప్యూటర్ అధ్యాపకుడు,
గుంటూరు