మైలురాయిని కనిపెట్టిన రోజున నాటాలా, ఇంటికి చేరిన రోజున నాటాలా?

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. గడిచిన యుగాల మైలురాళ్లను గురించి పత్రికల్లో వచ్చే వ్యాసాలను నేను శ్రద్ధగా చదువుతాను. 19వ శతాబ్దం ప్రస్తావన వచ్చిందంటే ఆవిరి రైలు, టెలిగ్రాఫు, టెలిఫోను, విద్యుద్దీపం అన్న వరుస దాదాపు ప్రతి వ్యాసంలోనూ కనిపిస్తుంది. ఒక్కోదాని పక్కన కనిపెట్టినవారి పేరు, ఏడాది, ఒక బొమ్మ ఉంటాయి. ముప్పై ఏళ్లకు పైగా చరిత్ర పాఠాలు చెప్పిన నేను కూడా ఆ వరుసనే పిల్లల చేత వల్లె వేయించాను. అందులో ఉన్నవేవీ చిన్నవి కావు. అయినా, ఒక సామాన్య కుటుంబం తెల్లవారి లేచింది మొదలు రాత్రి పడుకునే దాకా రోజు గడిపే తీరును అన్నిటికంటే ఎక్కువగా మార్చినది ఏది అని అడిగితే, ఆ జాబితా సరైన జవాబు చెప్పదని ఇన్నేళ్ల తరవాత నాకు గట్టిగా అనిపిస్తోంది. ఒక వస్తువు పుట్టిన రోజుకూ అది మామూలు మనిషికి అందిన రోజుకూ మధ్య చాలాసార్లు దశాబ్దాల ఎడం ఉంది. ఆ ఎడాన్ని చెరిపినవి ఎక్కువగా ఒక ధర, ఒక చట్టం, ఒక ఒప్పందం, లేదా నేల తవ్వి వేసిన ఒక గొట్టం. మైలురాయిని ఆ రెండో రోజున నాటాలన్నది ఈ లేఖలో నా మనవి.

తపాలా సంగతి చూడండి. 1840కి ముందు బ్రిటన్‌లో ఉత్తరం రుసుము దూరాన్ని బట్టి, కాగితాల సంఖ్యను బట్టి పెరిగేది. దాన్ని సాధారణంగా అందుకున్నవారే చెల్లించేవారు. కవరు పెడితే అది ఇంకో కాగితం కింద లెక్కకు వస్తుందని ఉత్తరాన్నే మడిచి, లక్కతో అంటించి పంపేవారు. పుట నిండాక కాగితాన్ని అడ్డంగా తిప్పి, రాసిన వరుసల మీదుగానే మళ్లీ రాసేవారు. చిరునామా పక్కన ముందే అనుకున్న గుర్తు ఒకటి పెట్టి పంపితే, అందుకోవలసినవారు ఆ గుర్తు చూసి క్షేమం తెలుసుకుని, డబ్బు కట్టలేమంటూ ఉత్తరాన్ని తిప్పి పంపే ఉపాయం కూడా ఉండేది. అయినవారి నుంచి వచ్చిన ఉత్తరాన్ని గుమ్మంలో నిలబడి వద్దనవలసి రావడం ఎంత కష్టమైన పనో ఊహించుకోవచ్చు.

తపాలా సంస్కరణ కోరిన ఆంగ్లేయుడు రోలాండ్ హిల్ 1837లో ప్రచురించిన చిన్న పుస్తకంలో చూపించిందేమిటంటే, ఉత్తరాన్ని ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి మోసుకుపోవడానికి అయ్యే ఖర్చు అత్యల్పమనీ, ఒక్కో ఉత్తరానికి దూరం లెక్కగట్టి, ఖాతా రాసి, ఇంటింటా ఆగి డబ్బు వసూలు చేయడానికే అసలు ఖర్చు అవుతోందనీ. దాని ఫలితంగా 1840 జనవరి 10 నుంచి ఆ దేశంలో ఎక్కడి నుంచి ఎక్కడికైనా అర ఔన్సు ఉత్తరానికి ఒక్క పెన్నీ రుసుము అమలులోకి వచ్చింది. అదే ఏడాది మే నెలలో, రుసుము ముందే చెల్లించినట్టు చూపే తపాలా బిళ్ల వచ్చింది. 1839లో సుమారు 7.6 కోట్లుగా ఉన్న ఉత్తరాల సంఖ్య మరుసటి ఏడాదికి సుమారు 16.8 కోట్లయింది. గుర్రాలు, బండ్లు, రైళ్లు అంతకుముందున్నవే. మారిందల్లా ధర, దాన్ని ఎవరు, ఎప్పుడు చెల్లించాలన్న నియమం. ఊరు విడిచి పనికి పోయిన మనిషికి ఇంటితో మాట కలిసింది. అక్షరం నేర్చుకోవడానికి పేదవారికి ఒక సొంత కారణం దొరికింది. 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్ నగరంలో 22 దేశాలు ఒప్పందం చేసుకుని ఉత్తరాల విషయంలో అందరినీ ఒకే తపాలా ప్రాంతంగా భావించడానికి అంగీకరించాయి. సముద్రం దాటి వలసపోయినవారి ఉత్తరాలు సులువుగా ఇల్లు చేరడానికి ఆ సంతకాలే దారి వేశాయి. టెలిగ్రాఫు అంతకంటే అద్భుతమైన యంత్రమే. కానీ మాటకింత అని వెల కట్టవలసిన తంతి చాలాకాలం వ్యాపారులకూ ప్రభుత్వాలకూ పత్రికలకూ పనిచేసింది; సామాన్యుల ఇంటికి అది వచ్చిందంటే సాధారణంగా కబురు చెడ్డదన్నమాట.

గడియారం కథ ఇంకొంత చిక్కుగా ఉంటుంది. రైళ్లు రాకముందు ప్రతి ఊరికీ తన సూర్యుడే గడియారం. లండన్‌లో పన్నెండు కొట్టిన పది నిమిషాలకు గానీ బ్రిస్టల్‌లో మధ్యాహ్నం అయ్యేది కాదు. రైలు వేళలు అక్కడికి చేరాక ఆ ఊరి గడియారం ఒకదానికి రెండు నిమిషాల ముళ్లు పెట్టారు, ఒకటి స్థానిక కాలానికి, ఇంకొకటి లండన్ కాలానికి. 1883 నవంబర్ 18న అమెరికా రైల్వే సంస్థలు తమ దేశాన్ని కాలమండలాలుగా విభజించుకున్నాయి. 1884లో వాషింగ్టన్‌లో 25 దేశాల ప్రతినిధులు సమావేశమై లండన్‌లోని గ్రీనిచ్ మీదుగా పోయే రేఖాంశాన్ని ప్రపంచ కాలం లెక్కకు మూలరేఖగా సిఫారసు చేశారు. చరిత్ర పుస్తకాలు ఈ రెండు తేదీలనే గుర్తుపెట్టుకుంటాయి.

నేను మాత్రం 1844ను ఎంచుతాను. మిల్లులో పని చేసేవారికి గడియారం మొదట స్నేహితుడిగా రాలేదు. అది యజమాని గోడ మీద ఉండేది. పొద్దున ముందుకూ సాయంత్రం వెనక్కూ తిప్పి పనివేళలు పొడిగిస్తున్నారని కార్మికులు మొరపెట్టుకున్న సందర్భాలు ఉన్నాయి. 1844 నాటి బ్రిటిష్ ఫ్యాక్టరీ చట్టం, పనివేళలను ఊరందరికీ కనిపించే బహిరంగ గడియారాన్ని బట్టి, ఉదాహరణకు దగ్గరలోని రైల్వే గడియారాన్ని బట్టి లెక్కించాలని శాసించింది. మూడేళ్ల తరవాత, వస్త్ర మిల్లుల్లో స్త్రీలకూ పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకూ రోజుకు పది గంటలకు మించి పని చెప్పరాదన్న చట్టం వచ్చింది. అందరూ నమ్మే గడియారం లేకపోతే పది గంటలన్న మాటకు అర్థమే ఉండదు. పనికీ ఇంటికీ మధ్య గీత గీసి, ఈ గంట నాది అని కూలి మనిషి చెప్పుకోగలగడం ఆ ఏర్పాటుతో మొదలైంది. వాషింగ్టన్ సమావేశాన్ని మించిన మార్పు ఇదని నేను చెబితే అతిశయోక్తి అనిపించవచ్చు గానీ, దినచర్యను కొలమానంగా తీసుకున్నప్పుడు నాకు వేరే తీర్పు తోచడం లేదు.

అగ్గిపుల్ల విషయంలో కూడా ఇలాంటి ఎడమే ఉంది. జాన్ వాకర్ అనే మందుల వ్యాపారి 1827లో, గీస్తే వెలిగే పుల్లలను అమ్మడం మొదలుపెట్టాడు. నిప్పు ఆరిపోకుండా రాత్రంతా కాపాడుకోవలసిన బాధ, చెకుముకి రాయితో నానా తంటాలు పడవలసిన బాధ ఆ వస్తువుతో తీరాయి. మనం దాన్ని సరిగానే మెచ్చుకుంటాం. కొన్నేళ్లకే ఆ పుల్లలలోకి తెల్ల భాస్వరం వచ్చింది. దాని ఆవిరి పీల్చిన కార్మికుల దవడ ఎముకలు కుళ్లిపోయేవి. ప్రమాదం లేని ఎర్ర భాస్వరంతో పుల్లలు చేయవచ్చని 1840లలోనే తెలిసినా, తెల్లదాన్ని ఎక్కడ గీసినా వెలుగుతుందనీ ధర తక్కువనీ వాడుతూనే పోయారు. 1888లో లండన్‌లో అగ్గిపెట్టెల కర్మాగారపు ఆడపిల్లలు సమ్మె చేశారు. తెల్ల భాస్వరాన్ని నిషేధించే అంతర్జాతీయ ఒప్పందం 1906లో బెర్న్‌లో కుదిరింది. 1827కీ 1906కీ మధ్య దాదాపు ఎనభై ఏళ్లు. వంటింట్లో వెలుగు వచ్చిన ఏడాదిని రాసి, ఆ వెలుగును తయారుచేసిన అమ్మాయి ముఖం దక్కిన ఏడాదిని రాయకపోవడం న్యాయం కాదు.

కుట్టుమిషను గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను: ఎలియాస్ హోవేకు పేటెంటు వచ్చింది 1846లో, కానీ మధ్యతరగతి ఇళ్లలోకి ఆ యంత్రాన్ని తీసుకువెళ్లింది సింగర్ సంస్థ 1856లో ప్రవేశపెట్టిన వాయిదాల పద్ధతి.

ఇక నీరు. నా దృష్టిలో ఆ శతాబ్దపు మైలురాళ్లలో దీనికి సాటి లేదు. పారిశ్రామిక నగరాల పాఠం చెబుతుండగా ఒక విద్యార్థిని నన్ను, అంతమంది ఒక్కచోట చేరితే వాడిన నీళ్లు ఎక్కడికి పోయేవి అని అడిగింది. పాఠ్యపుస్తకంలో దానికి జవాబు లేదు. నిజానికి అవి తాగే నీటిలోకే పోయేవి. 1854లో లండన్ సోహో ప్రాంతంలో కలరా 600 మందికి పైగా ప్రాణాలు తీసినప్పుడు, జాన్ స్నో అనే వైద్యుడు మరణాలను ఇంటింటి వారీగా గుర్తించి బ్రాడ్ వీధి చేతిపంపు వైపు వేలు చూపించాడు. అధికారులు ఆ పంపు పిడి తీయించారు. ఈ కథ చాలామందికి తెలుసు. అయితే గాలి దుర్గంధం వల్లే కలరా వస్తుందన్న నమ్మకం ఆ తరవాత కూడా చాలాకాలం కొనసాగిందన్నది అంతగా తెలియదు. చివరకు 1858 వేసవిలో థేమ్స్ నది కంపు పార్లమెంటు భవనంలోకి చొరబడ్డాకే డబ్బు మంజూరైంది. ఇంజనీరు జోసెఫ్ బజల్‌జెట్ నాయకత్వంలో సుమారు 132 కిలోమీటర్ల ప్రధాన భూగర్భ కాలువలు తవ్వారు. 1866లో కలరా మళ్లీ వచ్చినప్పుడు, ఆ పని ఇంకా పూర్తికాని తూర్పు లండన్‌లోనే అది విజృంభించింది.

అంతకంటే నన్ను కదిలించేది జర్మనీలో 1892 నాటి హాంబర్గ్. ఎల్బె నది ఒడ్డున హాంబర్గ్, ఆల్టోనా అనే రెండు పట్టణాలు ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉండేవి; నడుస్తూ వెళ్లేవారికి ఎక్కడ ఒకటి ముగిసి ఇంకొకటి మొదలవుతుందో తెలిసేది కాదు. హాంబర్గ్ నది ఎగువ నుంచి నీరు తోడుకుని వడకట్టకుండానే ఇళ్లకు పంపేది. ఆల్టోనా దిగువన, అంటే హాంబర్గ్ మురుగంతా కలిసిన తరవాత, అదే నది నీటిని తీసుకునేది; కానీ దాన్ని ఇసుక పడకల గుండా నెమ్మదిగా వడగట్టి పంపేది. ఆ ఇసుక పైన పేరుకునే పల్చని జిగురు పొరలోని సూక్ష్మజీవులే రోగక్రిములను చాలావరకు ఆపుతాయి. ఆ ఆగస్టులో కలరా వచ్చినప్పుడు హాంబర్గ్‌లో సుమారు 8,600 మంది చనిపోయారు. ఎక్కువ మురికి నీటిని తీసుకున్న ఆల్టోనాలో మరణాలు చాలా స్వల్పం. సరిహద్దు వీధిలో ఒక పక్క ఇళ్లలో రోగం వ్యాపించి, ఎదురు పక్క ఇళ్లు క్షేమంగా ఉండడాన్ని రాబర్ట్ కాఖ్ వంటి శాస్త్రజ్ఞులు స్వయంగా పరిశీలించారు. ఆ రెండు పక్కలవారు పీల్చిన గాలి ఒకటే, తొక్కిన నేల ఒకటే. తేడా ఒక్క కుళాయి నీటిలోనే ఉంది.

ఇసుక వడపోత అప్పటికి కొత్తది కాదు. లండన్‌లో చెల్సీ నీటి సంస్థ 1829లోనే దాన్ని వాడింది. 1852 నాటి చట్టం లండన్ ఇళ్లకు ఇచ్చే నదీజలాన్ని వడగట్టి తీరాలని ఆదేశించింది. కలరా క్రిమిని కాఖ్ గుర్తించి కూడా అప్పటికి ఎనిమిదేళ్లు దాటింది. హాంబర్గ్ సంపన్నమైన ఓడరేవు. ఆ ఊరికి విద్య కొరత లేదు, ఇంజనీర్ల కొరత లేదు. వడపోత ఖర్చు ఎవరి మీద పడాలన్న వాదనల్లో ఏళ్లు గడిచిపోయాయి, రోగం వచ్చేనాటికి పని సగంలో ఉంది. ఆ 8,600 మంది మరణానికి విజ్ఞానం లేకపోవడం కారణం కాదు, నిర్ణయం ఆలస్యం కావడమే కారణం. ఈ ఒక్క ఉదాహరణ వల్లే నేను కనిపెట్టిన తేదీల మీద నమ్మకం సడలించుకున్నాను.

శుభ్రమైన నీరు కుళాయిలోకి వచ్చాక ఇంట్లో ఏమేమి మారాయో ఆలోచించండి. పురిటిలో పుట్టిన బిడ్డ బతుకుతుందన్న భరోసా పెరిగింది. నీళ్లు మోయడంలో గడిచే స్త్రీల గంటలు, వారి నడుములు మిగిలాయి. బట్టలు ఉతకడం, ఒళ్లు కడుక్కోవడం తరచుగా చేయగల పనులయ్యాయి. శుభ్రత గురించి పేదలకు నీతులు చెప్పేవారు నీళ్లు ఇవ్వకుండా చెప్పడం అప్పటిదాకా మామూలే. రైలు ఎక్కని మనిషి, టెలిఫోను ముట్టని మనిషి ఆ నగరాల్లో లక్షల సంఖ్యలో ఉన్నారు, కానీ నీళ్లు తాగని మనిషి లేడు.

బానిసత్వ రద్దును నేను ఈ లెక్కల్లో కలపలేదు. బ్రిటిష్ సామ్రాజ్యపు 1833 చట్టం, అమెరికాలో 1865 నాటి రాజ్యాంగ సవరణ, బ్రెజిల్‌లో 1888 నాటి చట్టం ఎవరి జీవితాలను తాకాయో, వారికి తమ రోజు తమదయిందన్న దానితో తూచదగిన మైలురాయి మరొకటి ఉండదు. దాన్ని వస్తువుల పక్కన పెట్టి ఒకటి, రెండు అని అంకెలు వేయడం నాకు తగదనిపించింది.

నేను చెప్పిన క్రమాన్ని అందరూ ఒప్పుకోవాలని లేదు. తపాలాకు నాకంటే తక్కువ స్థానం ఇచ్చేవారు ఉంటారు, విద్యుత్తును నేను పక్కన పెట్టానని నొచ్చుకునేవారూ ఉంటారు. వారి వాదనలు మీ పుటల్లో చదవాలని నా కోరిక. విద్యుత్తు విషయంలో నా ఉద్దేశం ఇదీ: న్యూయార్క్‌లో ఎడిసన్ విద్యుత్ కేంద్రం పని మొదలుపెట్టింది 1882లో అయినా, ప్రపంచంలో అత్యధిక కుటుంబాలకు ఆ దీపం 20వ శతాబ్దపు సంగతి. 19వ శతాబ్దపు రాత్రులలో ఎక్కువ ఇళ్లకు చవకగా వెలుగిచ్చింది కిరసనాయిలు దీపం, దాని పేరు మాత్రం జాబితాలలో అరుదుగా కనిపిస్తుంది.

మీ పత్రిక ఇటువంటి వ్యాసాలను ప్రచురించేటప్పుడు ప్రతి మైలురాయికీ రెండు తేదీలు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను: ఒకటి అది పుట్టినది, రెండోది సామాన్యుల ఇంటికి చేరినది, ఆ రెండింటి మధ్య ఎవరు దాన్ని ముందుకు తెచ్చారో, ఎవరు అడ్డుపడ్డారో వివరించే నాలుగు వాక్యాలతో సహా. 1876 పక్కన టెలిఫోను బొమ్మ వేసినట్టే, 1893 పక్కన హాంబర్గ్‌లో ఎట్టకేలకు పని మొదలుపెట్టిన ఇసుక వడపోత పడకల బొమ్మ కూడా వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విశ్రాంత చరిత్ర ఉపాధ్యాయిని